కొర్రమెట్టలో చలి లేదు

కొండ పంటల ప్రోత్సాహక సంస్థ వారికి ఒక శుభముహూర్తాన పర్యావరణం మీద ప్రేమ పుట్టింది. మర్నాటికల్లా ఆ ప్రేమ ఉత్తర్వు రూపం దాల్చింది. సంస్థకున్న డీజిలు జీపులన్నీ తీసేసి కరెంటు కార్లు కొనాలనీ, ఏ కార్యాలయానికి ఎంత దూరం నడిచే బ్యాటరీ కావాలో ఆ కార్యాలయమే నిర్ణయించుకోవచ్చనీ, ఆ స్వేచ్ఛ సంపూర్ణమనీ, ధర మాత్రం మంజూరైన పరిమితిని ఒక్క రూపాయి దాటినా సహించేది లేదనీ అందులో రాశారు. స్వేచ్ఛ అంటే మన కార్యాలయాల్లో ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, ఎవరూ కొత్తగా ఆశ్చర్యపోలేదు.

ఆ ఉత్తర్వు కొండెక్కి కొర్రమెట్ట కార్యాలయానికి చేరేసరికి కార్తీక మాసం వచ్చేసింది. సూపరింటెండెంటు బమ్మిడి తారకేశ్వరరావు దాన్ని చేతి తొడుగులు తీయకుండానే విప్పాడు. కొర్రమెట్టలో దసరాకు ఆయన నెత్తికెక్కిన మంకీ క్యాపు శివరాత్రికి గాని దిగదు. పుట్టి పెరిగింది పలాస. జీడితోటల ఎండలో కాగిన ఒళ్లు అది. ఆరేళ్ల కిందట ఈ ఏజెన్సీ కొండ మీద వేశారు. అప్పట్నుంచి మోకాళ్లు పట్టేశాయి, ముక్కు ఒక సెలయేరైంది, తెల్లవారితే వేళ్లు వంగవు. చలి తన శరీరానికి పడదని డాక్టరు చేత రాయించి, పలాస శాఖకు బదిలీ ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నాడు. హెడ్డాఫీసులో జాయింట్ డైరెక్టర్ గరిమెళ్ల విశ్వపతి గారు ఆ దరఖాస్తు చదివి నిజంగానే జాలిపడ్డారు. పలాసలో కుర్చీ ఖాళీగా ఉందనీ, అది ఆయన కోసమే ఉంచుతామనీ మాట కూడా ఇచ్చారు.

కాకపోతే ఆ సంస్థలో ఒక ఆచారం ఉంది. ఎవరి బల్ల మీదైనా ఒక ఫైలు తెరిచి ఉంటే, అది మూసేదాకా ఆ మనిషిని కదలనివ్వరు. కొర్రమెట్ట కారు ఫైలు తారకేశ్వరరావు బల్ల మీద తెరుచుకుంది. అంటే కారు కొని, అది సక్రమంగా నడుస్తోందని రాసి ఫైలు మూస్తే పలాస. లేకపోతే కొర్రమెట్ట. ఆ క్షణం నుంచి ఆయనకు బ్యాటరీయే దైవమైపోయింది.

వెంటనే కిందికి దిగి పట్నంలో కార్ల షోరూముకి వెళ్లాడు. అక్కడి మేనేజరు మంచివాడు, దాచుకోకుండా చెప్పాడు. కారు ఒకటేగాని బ్యాటరీలు మూడు రకాలు. చిన్నది రెండువందల యాభై కిలోమీటర్లు నడుస్తుందని కాగితం మీద ఉంటుంది. మధ్యది మూడువందల యాభై. పెద్దదాని ధర చూసి కళ్లు మూసుకోవలసిందే. కొర్రమెట్ట నుంచి హెడ్డాఫీసుకు వెళ్లి రావడానికి నూట తొంభై కదా, చిన్నది చాలదా అని తారకేశ్వరరావు అడిగాడు. ఎండాకాలం బ్రహ్మాండంగా చాలుతుందనీ, చలికి మాత్రం బ్యాటరీకి కూడా మనిషిలాగే బద్ధకం వస్తుందనీ, లోపల హీటరు వేస్తే అది మరికాస్త తింటుందనీ, ఘాటు రోడ్డు ఎక్కుడు సరేసరి అనీ, చలికాలంలో కాగితం మీది లెక్కలో మూడోవంతు దేవుడికి వదిలేయాలనీ మేనేజరు చెప్పాడు. మధ్యలో చార్జింగు పెట్టుకోవచ్చుగా అన్నాడు కూడా. హెడ్డాఫీసు ఆవరణలో చార్జరు ఉన్నమాట నిజమే. దానికి రిబ్బను కట్టి ఏడాదైంది. కత్తిరించాల్సిన పెద్దవారికి తీరికలేక అది ప్రారంభం కాలేదు.

తారకేశ్వరరావు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. చిన్న బ్యాటరీ అయితే చలికాలంలో తిరుగు ప్రయాణం సరిగ్గా ఘాటు మధ్యలో, కోతిమలుపు దగ్గర ముగుస్తుంది. అక్కడ కోతులు తప్ప ఇంకేమీ ఉండవు. మధ్య బ్యాటరీ అయితే హాయిగా కొంపకు చేరవచ్చు. కాని దాని ధర పరిమితిని కొంచెం దాటుతుంది. కొంచెమే కదా, కారణం రాస్తే ఒప్పుకుంటారనుకుని, కొర్రమెట్టలో చలి ఎక్కువ గనుక మధ్య బ్యాటరీ మంజూరు చేయమని రాశాడు. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి అలా అనుకోవడం తప్పే.

జవాబు త్వరగానే వచ్చింది. "బ్యాటరీ సామర్థ్యము తగ్గుటకు కారణముగా తాము పేర్కొనిన చలి అను అంశము మంజూరైన పద్దులలో ఎచ్చటను లేదు. కావున సదరు చలిని తగిన ఆధారములతో నిరూపించవలెను" అని అందులో ఉంది.

చలిని నిరూపించడం ఎంతసేపని తారకేశ్వరరావు మరునాడు తెల్లవారుజామునే లేచి, వరండాలో ఉష్ణమాపకం పట్టుకుని నిలబడి, నాలుగు డిగ్రీలని రాసి పంపాడు. ఆ కొలత కార్యాలయ వేళలకు పూర్వము తీసినదనీ, పని వేళల వెలుపల వచ్చిపోయే చలికి సంస్థ బాధ్యత వహించజాలదనీ హెడ్డాఫీసు తిప్పికొట్టింది. పదిన్నరకు తీసి పంపితే పద్నాలుగు వచ్చింది. డైరెక్టరు గారి గదిలో ఏసీ పద్దెనిమిది మీద ఉంటుందనీ, పద్నాలుగుకీ పద్దెనిమిదికీ మధ్య తేడా నాలుగే అనీ, డైరెక్టరు గారు ఈనాటికీ ఒక్క ఫిర్యాదు చేయలేదనీ రాశారు. అయినా అన్యాయం జరగకూడదు గనుక, స్వయంగా చూసి తేల్చడానికి విశ్వపతి గారి అధ్యక్షతన శీతల నిర్ధారణ కమిటీని వేశారు.

కమిటీ వెంటనే బయల్దేరాలనే అనుకుంది. కాని చలికాలంలో పొగమంచు మూలంగా ఘాటు ప్రమాదకరం గనుక ఫాల్గుణం దాటేదాకా అధికారులెవరూ కొండెక్కరాదని సంస్థలో పాత ఉత్తర్వొకటి ఉంది. కొండ మీదివాళ్లు కిందికి దిగడానికి అభ్యంతరం లేదు, వాళ్ల ప్రాణాల గురించి అందులో ప్రస్తావన లేదు. చలి ఎక్కువగా ఉన్నందువల్ల చలిని పరిశీలించడానికి వీలుపడలేదని కమిటీ మినిట్సులో రాసుకుని, పర్యటనను మే నెలకు వాయిదా వేసింది.

మే నెల వచ్చింది. కొర్రమెట్టలో కూడా మేలో ఎండ కాస్తుంది, పైగా కమిటీ వచ్చేనాటికి ఆ ఏడాదికల్లా గట్టి ఎండ కాసింది. తారకేశ్వరరావు అప్పటికే ఒక చలికాలం కోల్పోయాడు. ఇంకోటి ఇక్కడే గడపడం ఆయన వల్ల కాదు. డ్రైవరు వంతల దాసును చేపల సంతకు పరిగెత్తించి, ఐసు దిమ్మలు తెప్పించి, సమావేశం గదిలో బల్లల కింద పేర్పించాడు. వాటి వెనక ఫ్యాన్లు పెట్టాడు. కమిటీ సభ్యులు స్వెట్టర్లు తగిలించుకుని, చెమట తుడుచుకుంటూ వచ్చి ఆ గదిలో కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు లేవలేదు. భోజనాలు కూడా అక్కడికే తెప్పించుకున్నారు. మూడు గంటలకు ఒకరి తర్వాత ఒకరు కళ్లు మూశారు. గదిలో కొంచెం చేపల వాసన వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం విశ్వపతి గారు నిద్ర లేచి, కొర్రమెట్టలో చలి ఉన్నమాట వాస్తవమేగాని అది మిక్కిలి హాయిగొలుపు చలి అనీ, దీనివల్ల మనిషికి గాని యంత్రానికి గాని హాని కలిగే అవకాశం లేదనీ రాయించారు. అంతటితో ఆగలేదు. కొర్రమెట్ట శీతాకాలపు తెల్లవారుజామును, హెడ్డాఫీసు వేసవి మధ్యాహ్నాన్ని కలిపి రెండుతో భాగించి, సంస్థలో సగటున చలి లేదని తేల్చారు. తారకేశ్వరరావు ఉండబట్టలేక, ఆ చలి మూడు నెలలూ కారు దారిలో ఆగిపోతే ఏం చెయ్యాలని అడిగాడు.

విశ్వపతి గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "రావుగారూ, చలి మూడు నెలల అతిథి. కారు పన్నెండు నెలల ఆస్తి. అతిథి కోసం ఆస్తిని పెంచుకుంటూ పోతే దాన్ని దుబారా అంటారు. మీ కారు ఆగదు. సగటున నడుస్తూనే ఉంటుంది."

అలా చిన్న బ్యాటరీ కారు వచ్చింది. తెల్లగా, ముద్దుగా ఉంది. పాత జీపును ఆరోజే వేలం వేసేశారు. వానాకాలమంతా కారు చెప్పినమాట విని నడిచింది. వారానికోసారి తపాలా, విత్తనాల నమూనాలు వేసుకుని దాసు, తారకేశ్వరరావు కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చేవారు. కాని కారు అన్ని కాలాలలోను కాగితం మీది దూరం నడుస్తోందని రాస్తే తప్ప ఫైలు మూయడానికి వీల్లేదు. ఆ అన్ని కాలాలలోను చలికాలం మిగిలిపోయింది. తారకేశ్వరరావు మనసులో ఇష్టదైవాలందరికీ మొక్కుకుంటూ మార్గశిరం దాకా ఆగాడు.

మార్గశిరంలో మొదటి వారమే కారు కోతిమలుపు దగ్గర ఆగిపోయింది. తారకేశ్వరరావు వేళ్ల మీద లెక్క వేసిన చోటికి నాలుగు అడుగులు ఇటూ అటూగా ఆగింది. పసుపు బస్తాల లారీ ఒకటి వచ్చి తాడు కట్టి లాక్కెళ్లేదాకా ఇద్దరూ కోతులతో కూర్చున్నారు. మరునాడు తారకేశ్వరరావు ముక్కు చీదుకుంటూ అంతా వివరంగా రాసి, ఇప్పటికైనా బ్యాటరీ సంగతి ఆలోచించమని వేడుకున్నాడు.

హెడ్డాఫీసు ఆలోచించింది. బ్యాటరీ పెంచాలంటే ఖర్చు. చలి తగ్గిస్తే ఖర్చు లేదు. కాబట్టి చలిని తగ్గించవలసిందిగా మార్గదర్శకాలు పంపించారు. కారును ఎట్టి పరిస్థితిలోను ఆరుబయట ఉంచరాదన్నారు. షెడ్డు కట్టడానికి నిధులు లేవు గనుక కార్యాలయపు హాల్లో ఉంచమన్నారు. హాల్లో కారు పట్టాలంటే బల్లలు బయటికి రావాలి. బల్లలు వరండాలోకి వచ్చాయి, వాటి వెనక గుమస్తాలు కూడా వచ్చారు. కారు చుట్టూ నాలుగు కుంపట్లు పెట్టారు. సిబ్బందికి చలికాలంలో ఇచ్చే రగ్గుల్లో రెండు తీసి కారుకు కప్పారు. ప్రయాణంలో హీటరు వాడకం పూర్తిగా నిషేధించి, ప్రయాణికులు తమ తమ స్వీయ ఉష్ణమును వినియోగించుకొనవలెనని రాశారు.

దాసు ఆ కొండవాడే. ఏ చలికీ చొక్కా బొత్తాం పెట్టుకునే అలవాటు లేనివాడు. వరండాలో వణుకుతున్న గుమస్తాలను, లోపల కుంపట్ల మధ్య రగ్గు కప్పుకుని వెచ్చగా ఉన్న కారును మార్చి మార్చి చూశాడు.

"బాబూ, మన్ని కారెక్కించుకుని తిప్పుతాదనుకున్నాను గానండి, దీనికి మనం పురుడు పోస్తన్నామేటండి?" అన్నాడు.

మార్గదర్శకాలు బాగానే పనిచేశాయి. ఆ తర్వాతి వారం కారు కోతిమలుపు దాటి ఇంకో రెండు మలుపులు ఎక్కి ఆగింది. ఈ ప్రగతిని హర్షిస్తూ హెడ్డాఫీసు అభినందన పత్రం పంపింది. కారులో బరువు తగ్గిస్తే మరో మలుపు సాధించవచ్చని సలహా కూడా ఇచ్చింది. అప్పటినుంచి తారకేశ్వరరావు ఘాటు మొదట్లో దిగిపోయి, తపాలా సంచీ భుజాన వేసుకుని, కారు వెనక నడవడం మొదలుపెట్టాడు. కారు ఆగిన చోటికి ఆయన చేరుకునేసరికి దాసు ఒక కునుకు తీసి లేచేవాడు. మోకాళ్ల నొప్పి నడుము దాకా పాకింది.

పుష్యమాసంలో ఒకరోజు విశ్వపతి గారే ఫోను చేశారు. పలాస కుర్చీ కోసం ఇంకెవరో సిఫారసు తెచ్చారనీ, ఎక్కువకాలం ఆపలేననీ, కారు ఫైలు ఏమైందనీ అడిగారు. కారు పూర్తిదూరం నడవడం లేదు కదండీ, ఫైలు ఎలా మూసేదని తారకేశ్వరరావు ఏడుపు గొంతుతో అన్నాడు. ఎందువల్ల నడవడం లేదన్నారు ఆయన. చలి వల్లనన్నాడు ఈయన.

"ఏ చలి రావుగారూ?" అన్నారు విశ్వపతి గారు ఎంతో ఓపికగా. "కమిటీ చూసింది, హాని లేదంది. సగటు తీసింది, చలే లేదంది. ఈ సంస్థ మొత్తంలో చలి ఉన్నది మీ ఒక్కరి ఉత్తరాల్లోనే. అక్కడ కూడా లేదనిపిస్తే కారుకు ఆగడానికి కారణమే ఉండదు. కారణం లేకుండా ఏ కారూ ఆగదు. ఒక్క వాక్యం రాసి పంపండి, పలాస వెళ్లండి."

తారకేశ్వరరావుకు అబద్ధమాడటం ఇష్టం లేదు. ఉన్న చలిని లేదనడం, అదీ ఏడేళ్లుగా తన ఎముకల్లో కాపురముంటున్న చలిని లేదనడం ఆయనకు కష్టంగానే తోచింది. వరండాలో కూర్చుని చాలాసేపు మథనపడ్డాడు. కాని వరండాలో కూర్చుని ఎక్కువసేపు మథనపడటం ఆ ఊళ్లో ఆ నెలలో ఎవరివల్లా కాదు. పలాసలో తమ పెరటి గోడ మీద పడే ఎండ గుర్తొచ్చింది. ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్నట్టు, వేళ్లన్నీ వాటంతటవే విచ్చుకున్నట్టు అనిపించి, కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి వెళ్లి, కారు దగ్గరున్న కుంపట్లో చేతులు కాచుకుని, బిగుసుకుపోయిన బాల్‌పెన్నును కూడా కాచి, కొర్రమెట్టలో ఏ కాలమందును చలి లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనదని రాసి సంతకం పెట్టాడు.

ఫైలు మూసేశారు. చలిలేని ఊళ్లో రగ్గులెందుకని సిబ్బందికిచ్చిన రగ్గులన్నీ వెనక్కి తీసుకున్నారు, కారుకు కప్పిన రెండు మాత్రం వదిలేశారు. ఆఫీసులో ఆయనతో అందరూ మాట్లాడటం మానేశారు. ఆయన లెక్కచేయలేదు. పరుపు చుట్టేశాడు, సామాన్లు కట్టేశాడు, ఇంటివాళ్లకు ఫోను చేసి పెరట్లో మంచం వేయించమన్నాడు. మంకీ క్యాపు ఒకటి మాత్రం ఘాటు దిగాక తీద్దామని ఉంచుకున్నాడు.

మూడో రోజున బదిలీ దరఖాస్తు మీద ఉత్తర్వు వచ్చింది. "తాము బదిలీకి చూపిన కారణము చలి. సదరు చలి కొర్రమెట్టలో లేదని తామే ధ్రువీకరించియున్నారు. లేని చలి తమకు పడకపోవుట అసంభవము. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది."

తారకేశ్వరరావు ఆ కాగితం పట్టుకుని పరుపు చుట్ట మీద కూలబడిపోయాడు. కాసేపు ఏడుపు, కాసేపు కోపం. ఫోను చేస్తే విశ్వపతి గారు సమావేశంలో ఉన్నారన్నారు. అయినా ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య నలిగిన బుర్ర ఊరికే ఉంటుందా? ఉన్నట్టుండి ఒక దారి తోచింది. కొర్రమెట్టలో చలి లేదని సంస్థే ఒప్పుకుంది. చలి లేదంటే ఉన్నది వేడే అయివుండాలి. వెంటనే కొత్త దరఖాస్తు రాశాడు. కొర్రమెట్టలో వేడి భరించలేకపోతున్నాననీ, వడదెబ్బ లక్షణాలు కనిపిస్తున్నాయనీ, దయతలచి పలాసకు మార్చమనీ రాశాడు. రాస్తున్నంతసేపూ పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. తర్కంలో మాత్రం ఎక్కడా లోపం కనిపించలేదు. దాసు చేతికిచ్చి, జవాబు తేకుండా పైకి రావద్దని పంపించాడు.

మరునాటికల్లా దాసు ఫోను చేశాడు. జవాబు దొరికిందట. దాంతోపాటు హెడ్డాఫీసువారు మరేదో బరువైన సామాను కూడా కారు మీద కట్టించారట. ఆ బరువుకి కారు కోతిమలుపు దాకా కూడా రాలేదట. లారీలు కూడా తిరగడం లేదు, మనుషుల్ని తీసుకురమ్మన్నాడు. జవాబు ఏమిటని అడిగితే, కవరుకి లక్క ముద్ర ఉందన్నాడు. లక్క ముద్ర వేసి తిరస్కరణలు పంపరు కదా అని తారకేశ్వరరావుకు ప్రాణం లేచొచ్చింది. మాట్లాడని గుమస్తాలనే చేతులు పట్టుకుని బతిమాలాడు. తను వెళ్లిపోతున్నాననగానే వాళ్లు ఉత్సాహంగా బయల్దేరారు.

పొగమంచులో చాలాదూరం దిగాక కారు కనిపించింది. దాని నెత్తిన పెద్ద ఎయిర్ కూలరు తాళ్లతో కట్టి ఉంది. దాసు కవరు అందించాడు. తారకేశ్వరరావు కొయ్యబారిన వేళ్లతో దాన్ని చింపలేక పళ్లతో చింపాడు.

"తాము వేడికి తాళజాలక బాధపడుచున్న సంగతి సంస్థను మిక్కిలి కలచివేసినది. అట్టి ఉద్యోగిని పలాస వంటి ఉష్ణప్రాంతమునకు పంపుట అమానుషము. సంస్థ పరిధిలో కొర్రమెట్టను మించిన చల్లని ప్రదేశము మరియొకటి లేదు గనుక, తమను పదవీ విరమణ పర్యంతము అచ్చటనే కొనసాగించుటకు సానుభూతితో నిర్ణయించడమైనది. తాత్కాలిక ఉపశమనమునకై ఒక ఎయిర్ కూలరు పంపబడినది. దానిని కార్యాలయ వేళలయందు నిరంతరము నడుపుచు, నెలనెలా నివేదిక సమర్పించవలెను."

ఆయన రెండోసారి చదువుతుంటే దాసు దగ్గరికొచ్చాడు.

"ఏటి రాసారు బాబూ?"

తారకేశ్వరరావు కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కున్నాడు.

"చలి ఉందట దాసూ. ఒప్పుకున్నారు."

దాసు స్టీరింగు దగ్గరికి వెళ్లాడు. గుమస్తాలు తలో పక్కా చేరారు. తారకేశ్వరరావు కూడా వెనక్కి వెళ్లి, కారుకు భుజం ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు.